బజారులో మోటారు బంద్

గడ్డిమంట మీద డప్పును ఒక చుట్టు తిప్పి, వేలితో టక్కున కొట్టి చూశాడు ఏసయ్య. ఇంకా మెత్తగానే పలికింది. రాత్రి పట్టిన ముసురుకు తోలు నెమ్ము తీసుకుంది మరి. ఇంకో గుప్పెడు గడ్డి వేసి మళ్ళీ తిప్పాడు.

అరవై ఏళ్ళ మనిషి. కాళ్ళు చూస్తే జొన్నదంట్లు. మడమలు నెర్రెలు బారిన రేగడి. గొంతు మాత్రం, చెప్పొద్దూ, ఇంకెవరో ఆజానుబాహువుకు ఇవ్వబోయి దేవుడు ఇతనికి ఇచ్చేసినట్టుండేది. నలభై ఏళ్ళుగా ఒకే పక్కన డప్పు మోగి మోగి ఎడమ చెవి ముప్పాతిక పోయింది. ఎవరైనా మాట్లాడితే కోడిలాగా తల పక్కకు తిప్పి కుడిచెవి అప్పగించేవాడు.

కామారెడ్డిలో చాటింపు వంతు ఏసయ్యది. తాత చేశాడు, తండ్రి చేశాడు, ఇప్పుడు ఇతను. చదువు లేదు కానీ ఊళ్ళను కొలవడానికి అతని దగ్గర సొంత కొలత ఒకటుండేది. చాటింపు వేసేవాడు ఆగాలి, వాయించాలి, చెప్పాలి, మళ్ళీ నడవాలి కదా. వీధి ఖాళీగా ఉంటే డప్పు మోత ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా పోతుంది, ఒక్కసారి ఆగితే చాలు. మనుషులు నిండిన వీధి మోతను మింగేస్తుంది, పది అడుగులకోసారి ఆగక తప్పదు. అందుకని ఏ ఊరి పేరెత్తినా ఏసయ్య ఇళ్ళెన్ని, కొట్లెన్ని అని అడిగేవాడు కాదు. ఎన్ని ఆగుళ్ళు అనేవాడు. కూతురు లిదియాను ఇచ్చిన ఎల్లారెడ్డి బజారు నాలుగు ఆగుళ్ళది. జుక్కల్ సంత ఆరు. తాడ్వాయి మూడు, అదీ అంగడి రోజునే. స్టేషను ముందర కొత్తగా వేసిన వెడల్పాటి కంకర సడక్ ఒక్కటంటే ఒక్కటి.

"ఆడ చాటుడెందుకు? నా మాట నాకే తిరిగొస్తది" అని నవ్వేవాడు.

కామారెడ్డి బజారు మాత్రం తొమ్మిది ఆగుళ్ళది. అది చెప్పేటప్పుడు సొంత పొలం సంగతి చెప్పినట్టు ఛాతీ పొంగేది. పొంగదూ? పల్లెల్లో దొర గడీ ముందు నుంచి పోవాలంటే నడుం వంచుకుని, ఎదురొచ్చిన వాళ్ళకు దారి విడిచి, గోడ పక్కన నిలబడాలి. ఈ బజారులో ఆ తిప్పలు లేవు. ఇరుకు అంత. ఎవరి భుజం ఎవరికి తగిలిందో చూసే తీరిక ఎవరికీ ఉండేది కాదు. ఏసయ్య నిటారుగా నడిచింది బతుకంతా అక్కడే.

అలాంటి బజారులోంచి ఎల్లారెడ్డికి పోయే మోటారు బస్సు నెల రోజులుగా హారన్ మోగించుకుంటూ పోవడం మొదలుపెట్టింది. కూరగాయల గంపలు గోడలకు అంటుకుపోయాయి. తల్లులు పిల్లల చేయి వదలడం మానేశారు. అరుగుల మీద కబుర్లు లోపలికి పోయాయి. తొమ్మిది ఆగుళ్ళు ఆరయ్యాయి. ఏసయ్యకు ఒంట్లో రక్తం తగ్గినట్టుండేది.

డప్పు ఖంగుమంది. భుజాన వేసుకుని సర్కారు చావడికి పోయాడు.

చావడి గుమాస్తా లక్ష్మీరాజం నోటి నిండా పాన్‌తో అరుగు మీదికి వచ్చాడు. "ఏస్గా! ఇయ్యాల్టి సంది బజార్ల మోటారు బందో..." అంటూనే పక్కకు తిరిగి, ఎర్రగా ఉమ్మి, మిగిలిన ముక్కను ఆ ఉమ్ములోనే కలిపేశాడు. "ఇనవడ్డదా?"

"ఇనవడ్డది దొరా. బజార్ల మోటారు బంద్."

గుమాస్తా అప్పటికే లోపలికి పోయాడు.

ఆ పొద్దున ఏసయ్య అడుగులు చూడాలి. పెళ్ళి ఊరేగింపు ముందు నడిచినట్టు నడిచాడు. "ఇనుండ్రహో! సర్కారు హుకుం! ఇయ్యాల్టి సంది బజార్ల మోటారు బంద్!"

కొత్తిమీర కట్టలు కడుతున్న చంద్రవ్వ లేచి నిలబడింది. ఇరవై ఏళ్ళుగా ఒకే చోట గోనెపట్టా పరుచుకుని కూర్చునే మనిషి. బజారంతా భయపడే నోరు.

"ఏసన్నా, నీ నోట్ల చక్కెర వొయ్య! నిజమేనా?"

"నేను అబద్ధమాడొచ్చు చంద్రవ్వా. డప్పు ఆడుతదా?"

"నీ చెవుల సంగతి నాకెర్కనే గని, ఏమైతేంది" అని ఆమె గంపను గోడ దగ్గర నుంచి రెండు బారలు ముందుకు ఈడ్చింది. పక్కావిడ కూడా ఈడ్చింది. మిఠాయి కొట్టు గంగారాం నలుగురిని పిలిచి, పగిలిన గానుగ రాయిని దొర్లించి బజారు మొగదల అడ్డంగా పెట్టించాడు.

మధ్యాహ్నం మోటారు వచ్చి ఆ రాయి ముందు ఆగింది. హారన్ కొట్టీ కొట్టీ డ్రైవరు విసిగి అందరినీ అక్కడే దింపేశాడు. దిగినవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని బజారులోంచి నడిచారు. నడిచేవాళ్ళకు జిలేబీ వాసన తగలకుండా ఉంటుందా? గాజుల మలారం ముందు ఒక కోడలుపిల్ల నిలబడిపోతే, అత్త నాలుగు గట్టి మాటలని, తనూ నిలబడింది. సాయంత్రానికి గంగారాం రెండో మూకుడు ఎక్కించాడు.

అప్పుడు వచ్చింది చావడి నుంచి పిలుపు.

"బందోబస్తురా నేను జెప్పింది! బందోబస్తు! గంపలు, మంచాలు తీపిచ్చి మోటారుకు తొవ్వ జెయ్యమని! బంద్ అని ఎవడు జెప్పిండు నీకు?"

"మీరే దొరా. మిగిలింది ఉమ్మిండ్రు."

లక్ష్మీరాజం మొహం పాన్‌కంటే ఎర్రబడింది. "పొద్దుగూకక ముందే పోయి తప్పయిందని చాటు. చాటకుంటే నీ వంతు రేపటి సంది నీ తమ్ముని కొడుకు స్వామిదాసుకు పోతది."

ఏసయ్య మళ్ళీ గడ్డి వెలిగించాడు. మళ్ళీ డప్పు కాచాడు. తప్పు తనదే, కాదనలేదు. దిద్దుకోవడానికే బజారులో అడుగుపెట్టాడు.

మొదటి చోట ఆగి వాయించాడు. మోత గంగారాం కొట్టు దాటలేదు. అంత మంది ఉన్నారు. వీధి నడిమధ్య ఎవరో నులకమంచం వేశారు. దాని మీద ఒక ముసలాయన కాళ్ళు చాపుకుని బజారును తన పెరడులాగా చూస్తున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు చేతులు పట్టుకుని, ఎవరికీ దారి ఇవ్వకుండా, నవ్వుకుంటూ వస్తున్నారు. ఒకామె భుజం ఏసయ్యకు తగిలింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"మల్లేం హుకుమే?" అంది చంద్రవ్వ. చేతిలో కట్ట అలాగే ఆగిపోయింది. చుట్టూ అందరి చూపూ ఇటే.

తప్పయింది అనే మాట గొంతు దాకా వచ్చింది. నలభై ఏళ్ళలో సర్కారు చెప్పని మాట తెలిసి తెలిసి ఒక్కటి కూడా చాటినవాడు కాదు ఏసయ్య. డప్పు మీద అరచేయి ఆనించాడు.

"పొద్దుగాల ఇననోళ్ళు ఇనుండ్రి!" గొంతు ఎత్తాడు. "బజార్ల మోటారు బంద్!"

పొద్దున చాటింది చెవి తప్పు. ఇది మాత్రం అతని సొంత మాట. చివరి కొసకు చేరేసరికి పదకొండు ఆగుళ్ళయ్యాయి.

మర్నాడు కొట్లవాళ్ళంతా చావడి ముందు చేరారు. డప్పు మీద రెండుసార్లు చాటిన హుకుం వెనక్కి తీసుకుంటే చావడి మాటకు విలువేముందని గంగారాం అడిగాడు. ఊరి వెలుపలి బాటే తనకు సుఖమని డ్రైవరు కూడా అన్నాడు. మోటారు బయటనే ఉండిపోయింది. అయితే చావడికి కోపం తీరాలి కదా, వంతు స్వామిదాసుకు పోయింది.

మూడో రోజు ఏసయ్య మూటా డప్పూ భుజాన వేసుకుని బజారులోంచి ఆగకుండా నడిచాడు. చంద్రవ్వ పట్టా దగ్గర మాత్రం కూర్చున్నాడు.

"లిదియా దగ్గరికా? ఎప్పుడొస్తవే?"

"అది ఎల్లగొట్టినప్పుడు."

"గట్లయితే ఇగ రావు. దాన్ని నేనెరగనా."

"ఆడ నాలుగాగుళ్ళే చంద్రవ్వా. ఎందుకట్లున్నదో పోయి చూడాలె" అన్నాడు ఏసయ్య, పని ఒప్పుకున్న మేస్త్రీలాగా. లేచి, గానుగ రాయి దాటి, మోటారెక్కాడు. అది దుమ్ము లేపుకుంటూ ఎల్లారెడ్డి వైపు పోయింది.

బేరం వస్తే చంద్రవ్వ కొత్తిమీర కట్ట ఎత్తింది. దాని కింద డప్పు వాయించే పొట్టి పుల్ల ఉంది, సిర్ర. నలభై ఏళ్ళ బొటనవేలు ఆనిన చోట గుంట పడి, చెమట తాగి తాగి నల్లగా నిగనిగలాడుతూ, తడి ఆకుల మధ్య పడి ఉంది.