పడుకున్నాడు, లేపకు

"మిక్సీ వెయ్యకు. వాడు పడుకున్నాడు," అంది అత్తగారు వంటగది గుమ్మంలో నిలబడి, గొంతు బాగా తగ్గించి.

ఆమె మిక్సీ మీది చెయ్యి తీసేసి కత్తిపీట అందుకుంది. ఆదివారం మధ్యాహ్నం. ఆ ఇంట్లో మగవాడు పడుకుంటే మిగతా ఇల్లంతా ఊపిరి బిగబట్టాలి. కుక్కర్ కూత పెట్టకముందే స్టవ్ కట్టెయ్యాలి. బకెట్లో నీళ్ల చప్పుడు రాకుండా కుళాయికి గుడ్డ కట్టాలి. కాలింగ్ బెల్ వైరు పీకెయ్యాలి. మామగారి కాలం నుంచీ ఉన్న ఆచారం ఇది. పెళ్లయిన కొత్తలో ఆమె చేతిలోంచి ఒక స్టీలు పళ్లెం జారింది. ఆ చప్పుడు గురించి అత్తగారు ఇప్పటికీ వచ్చిన చుట్టాలందరికీ చెబుతుంది, ఇల్లు కూలిందేమో అనుకున్నానని. ఆడవాళ్ల నిద్రకి మాత్రం ఇలాంటి మర్యాదలేవీ లేవు. ఆమె పగలు నడుం వాలిస్తే అది బద్ధకం. జ్వరమొచ్చి పడుకుంటే, "మాత్ర వేసుకున్నావుగా, ఇంక లే" అంటారు.

లోపల పడుకున్న ఆమె మొగుణ్ని ఆ పేటలో అందరూ కోచ్ అంటారు. సొంత జిమ్ ఉంది. గోడల నిండా అద్దాలు, అద్దాల నిండా ఆయనే. సిగరెట్ తాగేవాళ్లని చూస్తే జాలిపడతాడు, బీరు పొట్టలని చూస్తే నవ్వుతాడు. ఆమె వండినదాన్ని వేలితో ముట్టుకుని నాలిక్కి రాసుకుని, "ఉప్పు విషం, తెలుసా? నన్ను చంపుదామనుకుంటున్నావా?" అంటాడు. ఆ మాట ఆయనకి సరదా. నూనె చుక్కలు లెక్కపెట్టే ఆ మహానుభావుడు ఫ్రిజ్ తలుపులో చిన్న మత్తుమందు సీసా దాస్తాడు. చూడ్డానికి అచ్చం మంచినీళ్లలా ఉంటుంది. స్నేహితుల మధ్య దాని పేరు కూడా నీళ్లే. ఆయన తాగి పడేసిన గ్లాసు కడుగుతూ ఆమె ఒకసారి నాలికకి తగిలించుకుంది. ఉప్పగా ఉంది. ఆమెకి నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

మొదట్లో కండలకి మంచిదన్నాడు. తర్వాత వారాంతం పార్టీలకి హుషారు అన్నాడు. ఇప్పుడు అది లేకపోతే చేతులు వణుకుతాయి, మాట కరుకవుతుంది, కంటికి నిద్ర రాదు. "మందు తాగేవాళ్లకి లివర్ పోతుంది. ఇది శుభ్రమైన సరుకు. వాసన రాదు, తెల్లారితే తలనొప్పి ఉండదు," అని సమర్థించుకుంటాడు. ఒక మూత తాగితే నవ్వుతాడు, పాటలు పాడతాడు, ఆమెని కూడా ముద్దుగా పిలుస్తాడు. దాని మీద ఇంకొంచెం పడిందా, నిలబడ్డచోటే కూలిపోతాడు. ఆ రెండింటికీ మధ్య ఎంత సన్నటి గీత ఉందో ఆయనకి తెలీదు, తెలుసుకోవాలని లేదు. ఆ గీత పట్టుకుని బతుకుతున్నది ఆమె. వాంతి తుడవడం, బరువు మనిషిని పక్కకి తిప్పడం, మళ్లీ వెల్లకిలా దొర్లకుండా వీపుకి దిండు ఆనించడం, డొక్క మీద చెయ్యి వేసుకుని అది లేస్తోందా లేదా అని చూస్తూ కూర్చోవడం, ఇవన్నీ ఎవరూ అప్పగించకుండానే ఆమె పనులైపోయాయి. ఒకసారి అత్తగారితో చెప్పుకుంది, ఇలా అయితే ఎలా అత్తయ్యా అని. "నువ్వున్నావుగా," అంది అత్తగారు, ఎంతో ధైర్యంగా. ఆడపడుచూ ఫోన్లో అదే మాట. "వదినా, నువ్వున్నావనే మా నిశ్చింత." వాళ్ల నిశ్చింతకి ఆమె నిద్ర ఖర్చవుతోంది.

ఆమె కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. ఒకసారి ఓ పెద్దాయన ఫ్రేముకి మర బిగిస్తూ బిగిస్తూ కునికింది. కళ్లజోడు కింద పడి అద్దం బీటలిచ్చింది. "ముందు నీ కళ్లకి పరీక్ష చెయ్యాలమ్మా," అంది షాపు యజమానురాలు అందరిముందూ. ఆమెకి తల కొట్టేసినట్టయింది. అయినా అదే యజమానురాలు ఈమధ్య లోపలికి పిలిచి, అవతలి వీధిలో కొత్త షాపు పెడుతున్నాననీ, దాన్ని ఆమే చూసుకోవాలనీ అంది. తాళాలు ఈ వారంలోనే ఇస్తానంది. ఆ కబురు మోసుకుంటూ ఇంటికి వచ్చినప్పుడు ఆమె అడుగులు నేలమీద లేవు. కోచ్ టీవీ మీంచి కళ్లు తిప్పకుండా, "అద్దాలు తుడిచేదానికి కూడా ప్రమోషన్ ఉంటుందా?" అన్నాడు. అత్తగారు, "మరి ఇంట్లో వీడినెవరు చూస్తారు?" అంది. ఆ షాపు తనదేననుకుంది ఆమె లోపల.

ఈ ఆదివారం ఆయన ఎవరో శిష్యుడి విందుకి వెళ్లి బీరు తాగి వచ్చాడు. బీరు పొట్టలని చూసి నవ్వేది ఈయనే. వస్తూనే ఫ్రిజ్ తెరిచి, మూతతో కొలవకుండా సీసా ఎత్తి తాగాడు. "మందు మీద అది వద్దు," అని ఆమె అడ్డం వెళ్లింది. "నా ఒంటి సంగతి నాకు నేర్పుతావా," అని మోచేత్తో తోసేసి వెళ్లి పడుకున్నాడు. కాసేపటికి గురక మొదలైంది. ఆమె గది వైపు వెళ్లబోతే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపింది.

"వినపడ్డంలేదూ? ఎంత హాయిగా గురక పెడుతున్నాడో. ఒళ్లెరగని నిద్ర. మీ మామగారూ ఇంతే. గురక పెడుతూనే పోయారు. అంత సుఖమైన చావు ఎంతమందికి వస్తుంది?"

అని తలుపు తెర జాగ్రత్తగా లాగింది. ఆమె వెనక్కి వచ్చింది. ఎందుకు వచ్చిందో తర్వాత చాలాసార్లు తనని తాను తిట్టుకుంది. కత్తిపీట ముందు కూర్చుని, మిక్సీలో వెయ్యాల్సిన ఉల్లిపాయల్ని సన్నగా తరుగుతూ, ఆ గురకనే వింటూ ఉంది. అది ఎప్పటిలాంటిది కాదు. గొంతులో నీళ్లు పోసుకుని పుక్కిలించినట్టుంది. మధ్యలో ఆగుతోంది. ఆగినప్పుడు ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటోంది. ఒకసారి ఆగి, ఎంతకీ మళ్లీ మొదలవలేదు.

ఆమె కత్తిపీట తన్నుకుంటూ పరిగెత్తింది. వెల్లకిలా పడి ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి, నుదురు చెమటతో చల్లగా ఉంది. చెంప మీద కొట్టింది, గిల్లింది, ఛాతీ ఎముక మీద పిడికిలితో రుద్దింది. "లేపకే, తలనొప్పి వస్తుంది వాడికి," అని అత్తగారు వెనకనుంచి గుసగుసలాడుతూనే ఉంది. ఆమె అరిచింది. ఆ ఇంట్లో మగవాడు పడుకున్న వేళ మొదటిసారి ఒక ఆడగొంతు గోడలదిరేలా వినపడింది. అరుస్తూనే ఆయన్ని పక్కకి తిప్పింది, నోట్లో అడ్డుపడినదాన్ని వేలితో తీసింది, అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. ఎక్కడో లోపల్నుంచి ఒక ఊపిరి తెగిన దారంలా బయటికి వచ్చింది. అంబులెన్స్ వాళ్లు వచ్చి బెల్ నొక్కారట. నొక్కుతూ నిలబడ్డారట. వైరు పీకి ఉందని వాళ్లకేం తెలుసు? చివరికి తలుపు బాదితే గానీ ఇంట్లోవాళ్లకి వినపడలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఏం తీసుకున్నాడని అడిగింది. "ఏమీ తీసుకోడండీ, వ్యాయామం నేర్పేవాడు. ఎండదెబ్బ అయ్యుంటుంది," అంది అత్తగారు. అప్పుడే దిగిన ఆడపడుచు ఆమె మోచెయ్యి గిల్లి, "వదినా, పరువు," అంది చెవిలో. ఆమె బయల్దేరేటప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసుకొచ్చిన సీసాని హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టింది. "ఇది. బీరు మీద. రోజూ తాగుతారు," అంది. ఆ తర్వాత లోపల అందరూ ఒకేసారి కదిలారు. గొట్టం వేశారు, యంత్రం ఆయన బదులు ఊపిరి తీయడం మొదలుపెట్టింది.

బతికాడని చెప్పడానికి డాక్టరమ్మ బయటికి వచ్చినప్పుడు అత్తగారు చేతులు జోడించి, "హాయిగా గురక పెట్టి పడుకున్నాడండీ, ఇంతలో ఏమైందో," అంది.

"అది నిద్ర కాదమ్మా," అంది డాక్టరమ్మ. ఆవిడకి ఈ మాట చెప్పీ చెప్పీ విసుగొచ్చినట్టుంది. "ఆ మత్తులో మెదడు ఊపిరి తియ్యడం మర్చిపోతుంది. నాలిక వెనక్కి జారి గాలి దారి మూసుకుపోతుంటే వచ్చే చప్పుడది. మందు కూడా తోడైతే ఇంకా తొందరగా పోతారు. అలా గురక పెడుతుంటే లేపాలి. లేవకపోతే పక్కకి తిప్పి మాకు ఫోన్ చెయ్యాలి. హాయిగా ఉన్నాడని తలుపేసి వెళ్లేవాళ్ల దగ్గర్నుంచి మాకు చివరికి శవాలే వస్తాయి."

అత్తగారు బెంచీ మీద కూలబడింది. చాలాసేపు చీర కొంగు ముడి వేస్తూ విప్పుతూ ఉండిపోయింది.

"మా ఆయన మందు తాగి నిద్రమాత్రలు వేసుకునేవారు," అంది చివరికి, ఎవరితోనో కాదు, నేలతో. "ఆవేళ రేడియో నేనే కట్టేశాను. పిల్లలు గోల చేస్తారని పక్కింటికి పంపాను. గురక ఆగితే, హమ్మయ్య, గాఢంగా పట్టింది అనుకున్నాను."

జన్మంతా మునివేళ్ల మీద నడిచిన మనిషి. ఆ నడకే మొగుణ్ని చంపిందని ఈవేళ ఒక బెంచీ మీద తెలిసింది. ఆమె వెళ్లి అత్తగారి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. ఆ జాలి ఎంతసేపు నిలిచేదో గానీ, వాళ్లు నిలవనివ్వలేదు.

గొట్టం తీశాక కోచ్ బొంగురు గొంతుతో అన్న మొదటి మాట, "ఎందుకు చెప్పావు?" రెండో మాట, "నా జిమ్‌కి ఇంకెవరొస్తారు?" చేతులు మంచం మీద దడదడలాడుతున్నాయి, కళ్లు గోడ మీద లేనివేవో వెతుకుతున్నాయి. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఇలాగే ఉంటుందనీ, ఫిట్స్ రావచ్చనీ, ప్రాణం మీదికి రావచ్చనీ, మాన్పించే వార్డులో ఉంచి మెల్లగా దించాలనీ డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ అటు తిరగగానే మంచం చుట్టూ పంచాయితీ కూర్చుంది.

"ఆ వార్డు పేరు బయటికొస్తే తలెత్తుకోలేం," అంది ఆడపడుచు. "ఇంటికి తీసుకుపోదాం. వదినా, కొన్నాళ్లు షాపు మానెయ్."

"ఇంట్లోనే మాన్పిద్దాం," అంది అత్తగారు. కళ్లింకా ఎర్రగానే ఉన్నాయి, మాట మాత్రం పాత దారిలోకి వచ్చేసింది. "నువ్వు పక్కనే కూర్చో అమ్మాయ్. గురక మారితే లేపు. నాకు అప్పుడు తెలీలేదు, నీకిప్పుడు తెలుసు. నువ్వున్నావుగా."

నువ్వున్నావుగా. వాంతికి నువ్వున్నావు, వంటకి నువ్వున్నావు, పరువుకి నువ్వున్నావు. ఇప్పుడు తెలుసుకున్న పాపానికి కూడా నువ్వే ఉన్నావు. వీళ్లు ఈయన్ని ఇంటికి తీసుకుపోతారు, రాత్రీ పగలూ ఆమెని ఆ డొక్కకి కట్టేస్తారు. ఆమె కన్నంటుకున్న ఒక్క క్షణంలో ఆయనకేమన్నా అయితే చంపింది ఆమే అవుతుంది. ఏమీ కాకపోతే ఆమె ఏమీ చెయ్యనట్టే. జిమ్‌లో మళ్లీ అద్దాల ముందు నిలబడి, నా మనోబలంతో మానేశానని చెప్పుకుంటాడు. అవతలి వీధి షాపులో ఇంకెవరో తాళం తీస్తారు. ఇన్నాళ్లూ ఈయన ఊపిరి ఈమె చేతిలో ఉందనుకున్నారు అందరూ. ఈమె ఊపిరి ఎవరి చేతిలో ఉందో ఒక్కరూ అడగలేదు. ఆమెకి ఒళ్లు మండింది. మంచంలో వణుకుతున్న ఆ చేతుల్ని చూస్తే జాలి వేసింది, నిజమే. వేసినా ఆ మంట చల్లారలేదు.

డాక్టరమ్మ తిరిగి వచ్చింది. "తీసుకెళతామంటున్నారట. వద్దని మళ్లీ చెబుతున్నాను. అసలు ఇంట్లో పగలూ రాత్రీ కనిపెట్టుకుని ఉండేవాళ్లెవరున్నారు?"

అందరూ ఆమె వైపు చూశారు. ఆయన కూడా.

"ఎవరూ లేరండీ," అంది ఆమె.

"వదినా," అంది ఆడపడుచు.

"లేరండీ. వార్డులోనే ఉంచండి. అక్కడైతే తెలిసినవాళ్లు చూస్తారు, వంతులవారీగా చూస్తారు, జీతం తీసుకుని చూస్తారు."

"నిద్రలో నాకేమన్నా అయితే?" అన్నాడు కోచ్. గొంతులో మొదటిసారి భయం వినపడింది.

"అందుకేగా ఇక్కడ ఉండమంటున్నాను," అంది ఆమె.

అక్కణ్నుంచి తిన్నగా షాపుకి వెళ్లింది. యజమానురాలు తాళాలు చేతిలో పెట్టి, "ముఖం అలా ఉందేం, పడుకున్నావా అసలు?" అని అడిగింది. ఆ ప్రశ్న ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందోనని ఆమె దారంతా ఆలోచిస్తూ నడిచింది. ఇల్లు చేరగానే బెల్ వైరు మళ్లీ తగిలించింది. ఒకసారి నొక్కి చూసింది. ఇల్లంతా మోగింది. తర్వాత గదిలోకి వెళ్లి, మంచానికి అడ్డంగా, చేతులు రెండూ బార్లా చాపి పడుకుంది. తాళాలు దిండు కింద పెట్టుకుంది.

కాసేపటికి ఆస్పత్రి నుంచి అత్తగారు వచ్చింది. వంటగదిలో స్టవ్ వెలిగి లేదు. గది గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

"అమ్మాయ్, వాడికి క్యారియర్ పంపాలి. ఈ వేళప్పుడు పడకేంటి?"

ఆమె కళ్లు తెరవలేదు.

"పడుకున్నాను అత్తయ్యా," అంది. "లేపకండి."