గోరి చూడని సినిమా

ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఆ పాత సినిమా మొదలైందంటే గోరి ఇంట్లో ఉండదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగానే మాయమై సినిమాలోని సంతలో తేలుతుంది. కొత్తగా పెళ్ళైన రోజుల్లో టేకులపల్లి దగ్గర షూటింగుకి జనం కావాలంటే, తండా నుంచి వెళ్ళి, మిరపకాయల బుట్ట నెత్తిన పెట్టుకుని హీరో వెనక పరిగెత్తింది. అప్పటి నుంచి సినిమా వేసినప్పుడల్లా వెళ్ళి పరిగెత్తాల్సిందే. కోడలు కవిత లేచి పప్పు దించుతుంది.

ఆ సినిమా తీసిన డైరెక్టరు ఇప్పుడు చాలా పెద్దవాడు. ఆయన కొత్త సినిమాలకి విదేశాల్లో కూడా చప్పట్లు కొడుతున్నారు. దాంతో చానళ్ళవాళ్ళు తొలి సినిమాలు తవ్వితీసి వేసిందే వేస్తున్నారు. గోరి మోకాళ్ళ సంగతి ఎవరిక్కావాలి?

"ఆయన తొలి సినిమాలే సినిమాలు," అంటాడు భర్త రామ్‌సింగ్. "సంతల జనాన్ని చూడు, అచ్చం మనలెక్కనే ఉంటరు." చూడమంటాడే గానీ తను చూసేది హీరోనే.

"గంత మంచిగుంటదా?" అంటుంది చెమటలు కక్కుతూ తిరిగొచ్చిన గోరి. తండాలో ఆ సినిమా చూడనిది ఆమె ఒక్కతే.

ఆమధ్య ఒక ఆదివారం పరుగు మధ్యలో బుట్ట దించి, సంతలోనే కూలబడింది. హీరో దాటిపోయాడు. రామ్‌సింగ్ కళ్ళు మాత్రం ఆమె దగ్గరే ఆగిపోయాయి. నెరిసిన జుట్టు, రెండు చేతులా పట్టుకున్న మోకాలు. రోజూ పక్కనే ఉండే మనిషి ఇంతగా అలిసిపోయిందని టీవీ చెబితే గానీ తెలియలేదు. సిగ్గేసింది.

మిరపకాయలు ఏరడానికి ఒప్పుకున్న మనిషి రాలేకపోతే, ఆ ఇంటి నుంచే ఇంకొకరు పనికి వెళ్ళడం తండాలో పద్ధతి. తర్వాతి ఆదివారం సినిమా మొదలవక ముందే రామ్‌సింగ్ బుట్ట నెత్తికెత్తుకుని టీవీ ముందు నిలబడ్డాడు.

"ఏంది గిది?" అంది గోరి.

"మనింట్ల నుంచి ఒకలు పోతే సాలదా? నువ్వు కూసో."

పేర్లు పడ్డాయి. గోరి కూర్చున్నచోటే ఉంది. రామ్‌సింగ్ లేడు.

సంత సీను వచ్చింది.

"అత్తా, హీరోని చూడు, ఎంత మంచిగున్నడో," అంది కవిత.

గోరి హీరోని చూడలేదు. అతని వెనక బుట్ట జారిపోతుంటే పట్టుకుని, రొప్పుతూ పరిగెడుతున్న ముసలాయన్నే చూస్తోంది. ఆమెకి ఏడుపొచ్చింది.

"జర మెల్లగ పో," అంది టీవీకి దగ్గరగా జరిగి.

సీను అయిపోగానే లేచి, ఆయన కాళ్ళకి నీళ్ళు కాచడానికి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. మిగతా సినిమా ఆమె ఇప్పటికీ చూడలేదు.