జ్వరం పుస్తకం

గ్రంథాలయం వెనకగదిలో చిరిగిన పుస్తకాలు కుట్టి అంటించే బైండింగ్ అక్కకి, పొద్దున్నే మొదటి పని ఆ పాత భయానక కథల పుస్తకం మీద చెయ్యి వేసి చూడటం. దానికి జ్వరం. ఏనాటినుంచో ఉన్నదే. ఊళ్లో ఎవరికీ వింత కాదు, చల్లటి గచ్చుమీద పడుకోబెడతారంతే.

అందులో ఓ కథ ఉంది. మాయరోగం సోకిన కోడలిని మేడగదిలో పెట్టి, అత్తింటివాళ్లు బయట గొళ్లెం వేసేస్తారు. చదివి తిరిగిచ్చేవాళ్లంతా అక్క బల్ల దగ్గర ఆగి తలా ఓ మాట అనాల్సిందే.

"అమ్మో, రాత్రంతా లైటు ఆర్పితే ఒట్టు!" అంది టైలరమ్మ.

"గొళ్లెం వేసి మంచిపని చేశారు. లేకపోతే ఇంటిల్లిపాదీ పోయేవాళ్లు," అన్నాడు రిటైరైన మాస్టారు.

అలాంటి మాట పడ్డప్పుడల్లా పుస్తకం ఇంకాస్త కాగేది. చివరి పేజీ ఎంత జిగురు పెట్టినా ఊడొచ్చేది.

మాస్టారి మాట అక్కకి గుచ్చుకుంది. ఇంట్లో చెల్లి ఉంది మరి! క్షయ నయమైంది, ఇక ఎవరికీ అంటదని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పేసింది. అయినా అమ్మ దాన్ని గదిలోనే ఉంచి, కంచం గడప దగ్గరే పెట్టి పోతుంది. "అంటదంటే అంటదే అమ్మా!" అని అక్క మొత్తుకుంటే, "కాగితాలు అంటించుకునేదానివి, రోగాలు అంటుకునే సంగతి నీకేం తెలుసే?" అని నోరు మూయిస్తుంది.

ఇవాళ చెల్లిని ఆ గదిలోంచి బయటికి తేవాల్సిందే అనుకుంది అక్క. ఆ కథకి చెల్లి ఏమంటుందో చూద్దామని, పుస్తకాన్ని గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చి, గడప దాటి, చెల్లి ఒళ్లో పెట్టింది.

చెల్లి కథంతా చదివింది. భయం వెయ్యలేదు, ఒళ్లు మండింది. "తలుపుకి ఇవతలున్నవాళ్ల గోలే అందరికీ! లోపల ఆ పిల్లకి దాహమేసిందేమో అన్నవాడు ఒక్కడున్నాడా? నేనైతే గొళ్లెం ఊడేదాకా తలుపు బాదేదాన్ని!"

అట్టకి చెమట పట్టింది. ఊడిన పేజీ జిగురు లేకుండానే అంటుకుపోయింది.

"అమ్మా, పుస్తకానికి జ్వరం దిగిపోయిందే!" అని కేకేసింది అక్క.

"ఎన్నాళ్ల జ్వరమే అది! ఏదీ?" అంటూ అమ్మ తడిచేతులు తుడుచుకుంటూ గబగబా లోపలికొచ్చేసింది. గడప సంగతే గుర్తులేదు. పుస్తకం మీద చెయ్యి వేసింది. అలవాటు కొద్దీ, అదే చెయ్యి తీసి చెల్లి నుదుటిమీద వేసింది.

అప్పుడు తెలిసింది తనెక్కడుందో. చెయ్యి లాక్కోబోయింది. చెల్లి వదిలితేనా! రెండు చేతులతో పట్టుకుంది.

"చల్లగా ఉన్నానా అమ్మా?"

అమ్మకి ఏడుపు ఆగలేదు. "చల్లగానే ఉన్నావే. చల్లగా ఉండు తల్లీ," అంది. "లే, అందరం వంటింట్లో తిందాం."