ఎంగిలి కాని ఫోర్కు

నేను ఒక ఫోర్కును. నాలుగు ముళ్లు, ఒక కాడ, కాడ చివర చిన్న పువ్వు. స్టీలు రేకును అచ్చు కింద పెట్టి ఒక్క దెబ్బతో నన్ను కోశారు. ఆ తరవాత అంచులు మొద్దు చేసి, మెరుగు పెట్టి, మరో అయిదుగురితో కలిపి అట్టపెట్టెలో పడుకోబెట్టారు. ఆ పెట్టె మూత మీద ఒక బొమ్మ ఉండేది. అందులో ఎవరో పెద్దింటి ఆవిడ మాలాంటి ఫోర్కుతో కేకు ముక్క నోట్లో పెట్టుకుంటోంది. అది చూశాక మా జన్మ ఎందుకో మాకు తెలిసిపోయింది. మనిషి నోటిదాకా తిండి మొయ్యాలి. అంతే.

ఆ పెట్టెను ఎవరో విశాఖపట్నంలో ఒక గృహప్రవేశానికి బహుమతిగా ఇచ్చారు. కంచరపాలెంలో ఇల్లు. ఇల్లాలు వరహాలమ్మ. ఆమె భర్త అప్పలస్వామి పోర్టులో క్రేను నడిపేవాడు. ఆ ఇంట్లో అందరూ చేత్తో తింటారు. మాలో ఒకడు పూలకుండీలో మట్టి గుల్ల చేసే పనికి పోయాడు. ఇంకొకడు స్నానాలగది తూములో జుట్టు లాగుతూ వంకరపోయాడు. మిగిలిన ముగ్గురి సంగతి నాకు తెలియదు. వరహాలమ్మ నన్ను చేతిలోకి తీసుకుని, బోర్లా తిప్పి, ముళ్ల మీద వేలితో రాసి చూసింది.

"గవ్వలకు బాగుంతాది," అంది.

అప్పటినుంచి అదే నా పని. ఉసిరికాయంత పిండి ఉండను నా వీపు మీద పెట్టి బొటనవేలితో నొక్కి దొర్లిస్తే, నాలుగు గీతలతో గవ్వ చుట్టుకుంటుంది. అది నూనెలో వేగి బెల్లం పాకంలో మునిగాక తొలి పళ్లెం సింహాద్రి అప్పన్న పటం ముందుకు వెళుతుంది. నైవేద్యం పని చేసేదాన్ని కాబట్టి నన్ను పసుపు గుడ్డలో చుట్టి పూజసామాను పక్కన దాచేది. ఎంగిలి చెయ్యి తగలనిచ్చేది కాదు. గౌరవం గొప్పదే. కాని ఒక వస్తువును మరీ గౌరవిస్తే దాని పని దాన్ని ఎందుకు చెయ్యనివ్వరో నాకు అర్థమయ్యేది కాదు. పన్నెండేళ్లు గడిచినా నేను ఒక్క నోరూ చూడలేదు.

వరహాలమ్మకు సన్యాసిరావని మరిది ఉన్నాడు. ఓడలో ఇంజను గదిలో పనిచేసేవాడు. ఆ ఓడలోనే వంటగదిలో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి లిగాయాను పెళ్లి చేసుకుని విశాఖకు తీసుకొచ్చాడు. వాళ్ల భాషలో ఆ పేరుకు సంతోషం అని అర్థమట. ఆరేళ్లలో లిగాయా తెలుగు నేర్చుకుంది. నేర్పింది పూర్ణా మార్కెట్టు కాబట్టి బేరం బాగా ఆడుతుంది.

తోటికోడళ్లకు ఒకరంటే ఒకరికి ఇష్టమే. ఇబ్బంది అంతా తిండి దగ్గరే. పదిహేనేళ్ల కిందట అప్పలస్వామి క్రేను మీదినుంచి పడి బతికి బయటపడ్డాడు. ఆ రోజు వరహాలమ్మ ఇక జన్మలో నీచు ముట్టనని అప్పన్నకు మొక్కుకుంది. లిగాయా గిన్నెల్లో రోజూ పందిమాంసమో చేపో ఉడుకుతుంది. అందుకని వరహాలమ్మ ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా ఒక అరటిపండు మాత్రం ఒలుచుకుని తినేది. తొక్క ఉన్న పండుకు మైల లేదు కదా. లిగాయా నవ్వుతూ, "ఇంకో పండు, అక్కా?" అనేది. ఆ నవ్వు ఏటేటా చిన్నదవుతూ వచ్చింది.

చుట్టాలు ఆ అరటిపండును పట్టుకున్నారు. "పెద్దకోడలే ముట్టదు, మనకేటి?" అన్నారు. ఒకరి తరవాత ఒకరు లిగాయా ఇంట్లో మంచినీళ్లతో సరిపెట్టడం మొదలుపెట్టారు. వీళ్లలో చాలామంది ఆదివారం పొద్దున్నే మటన్ కొట్టు ముందు వరసలో నిలబడేవాళ్లే.

అలాంటి సమయంలో సన్యాసిరావు దంపతులు చినవాల్తేరులో ఆరు బల్లల ఫిలిప్పీన్స్ హోటలు పెట్టారు. లిగాయా స్వయంగా వచ్చి పిలిచింది.

"తొలి ఆకు నీకే, అక్కా. నువ్వు తిన్నాకే తలుపు తీస్తా. శుక్రారం."

వరహాలమ్మ సరేనంది. అనేశాక రెండు రోజులు నిద్రపోలేదు. వెళ్లి తినకపోతే చుట్టాల మధ్య తోటికోడలి పరువు మొదటిరోజే పోతుంది. తింటే, అందులో ఏ మూలో నీచు తగిలితే, అప్పన్నకిచ్చిన మాట పోతుంది. ఇద్దరూ తనవాళ్లే. ఎవరికి ద్రోహం చెయ్యాలి?

మూడో రోజు నా గుడ్డ విప్పింది. ఫిలిప్పీన్స్ వాళ్లు చెంచాతో, ఫోర్కుతో తింటారని ఎవరో ఫోనులో చూపించారట. "వాళ్ల ఫోర్కులు ఏటేటి పొడిచాయో. నా ముళ్ల గరిటె నేనే పట్టుకెల్తాను," అంది.

నా ఆనందం ఏమని చెప్పను. పన్నెండేళ్ల తపస్సు ఫలించింది. ఉప్మాతో సాధన మొదలైంది. నాతో ఉప్మా ముద్ద గుచ్చి, తల వెనక్కి వంచి, పైనుంచి నోట్లోకి జార్చింది. చెంబుతో నీళ్లు ఎత్తిపోసుకున్నట్టే. పెదవి తగిలితే ఎంగిలవుతుంది కదా. సగం ఉప్మా జాకెట్టు మీద పడింది.

"వరాలూ, అది ఉప్మాయా, అక్షింతలా?" అన్నాడు అప్పలస్వామి.

"మీరు నోరు మూసుకుని తినండి."

"నోరు మూసుకుంటే ఎలా తినడం?"

శుక్రవారం మధ్యాహ్నం నన్ను కొత్త గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని బయలుదేరింది. హోటల్లో ఆడపడుచులు, పినమామగార్లు, అందరూ వచ్చి గోడవారన కూర్చున్నారు. తినడానికి కాదు, ఈవిడ తింటుందా లేదా చూడ్డానికి. వరహాలమ్మ బల్ల ముందు కూర్చుని నన్ను బయటికి తీసింది. తీశాక బల్ల వైపు చూసింది.

బల్ల మీద పళ్లేలు లేవు. ఈ కొసనుంచి ఆ కొసకు అరిటాకులు పరిచి ఉన్నాయి. వాటి మధ్యలో వేడి అన్నం పొడుగ్గా పోసి ఉంది. చెంచా లేదు, ఫోర్కు లేదు.

"ఇది ఎందుకు, అక్కా?" అంది లిగాయా నన్ను చూసి. "మా ఊళ్లో పండగ భోజనం చేత్తోనే తింటాం."

సన్యాసిరావు నవ్వాపుకుంటూ, "వొదిన నాలుగు రోజుల్నుంచి దీంతో కుస్తీ పడతందట," అన్నాడు. గోడవారన కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు. వరహాలమ్మ చెవులు ఎర్రబడ్డాయి. ఆశలు పెట్టుకున్న నా సంగతి అడగకండి.

లిగాయా ఒక కొత్త మట్టికుండ తెచ్చి ఆకు పక్కన దించింది. లోపల పెసలు మెత్తగా ఉడికి ఉన్నాయి. పైన పచ్చటి ఆకు తేలుతోంది.

"ఇదేటి?" అంది వరహాలమ్మ.

"ముంగో. ఈ ఆకు మలుంగ్గాయ్."

"మునగాకు కాదేటే ఇది?" వరహాలమ్మ ఆకు వాసన చూసింది. తరవాత గొంతు తగ్గించి అడిగింది. "నీచు తగిలిందా?"

"మా అమ్మ అయితే ఎండుచేప వేస్తాది. నేను వేయలేదు. కుండ కొత్తది, గరిటె కొత్తది. మాంసమైతే మా అమ్మ కూడా వేయదక్కా. శుక్రారం కదా. ఏసుప్రభువు పోయిన రోజు. మా ఊళ్లో శుక్రారం ముంగోయే."

వరహాలమ్మ ఆమె మొహంలోకి చూసింది. "మీకూ శుక్రారం నేమమేనా?" అంది నెమ్మదిగా. ఆరేళ్లు పక్కపక్కన ఉండి ఈ మాట ఎవరూ అడగలేదు.

చెయ్యి కడుక్కుని వచ్చి, కళ్లు మూసుకుని అప్పన్నను తలుచుకుని, అన్నంలో పప్పు కలిపింది. ముద్ద నోట్లో పెట్టుకుంది. గోడవారన కూర్చున్నవాళ్లు మెడలు చాచారు. రెండో ముద్ద. మూడోది. లిగాయా నవ్వబోయి, ఆపుకుని, "ఇంకో పండు, అక్కా?" అంది.

"పండొద్దే. ఇంకొంచెం పప్పెయ్యి."

ఆడపడుచు లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లింది. ఆమె వెనక పినమామగారు.

ఇంతలో వంటింట్లో నూనె చిటపటలాడింది. లిగాయా పరిగెత్తింది. అక్క కోసం విడిగా బంగాళాదుంప కూర పెట్టి ఎంపనాడాలు చేస్తోంది. అవి చూడ్డానికి అచ్చం కజ్జికాయలే. మామూలుగా వాటి అంచులు ఫోర్కుతో నొక్కి మూస్తారట. తన ఫోర్కులన్నీ మాంసం తగిలినవి కాబట్టి వేళ్లతో నొక్కింది. నూనెలో పడగానే అవి నోళ్లు తెరిచాయి.

లిగాయా గబగబా తిరిగొచ్చి నావైపు చూసింది. "అక్కా, ఇది మాంసం ముట్టిందా?"

"పిండీ, మొన్నటి ఉప్మా తప్ప ఏదీ ముట్టలేదు. ఒకరి పెదవి కూడా తగల్లేదు."

నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి పచ్చి ఎంపనాడా అంచు మీద ఒక్కసారి నొక్కింది. నాలుగు గీతలు. మళ్లీ నాలుగు. చంద్రవంక చుట్టూ జరీ అంచులా పడ్డాయి. నూనెలో ఒక్కటీ విచ్చుకోలేదు. వరహాలమ్మ తిన్న చెయ్యి కడుక్కుని వచ్చి పక్కన నిలబడింది. మిగిలిన పిండిలోంచి ఉండ తీసి, నా వీపు మీద దొర్లించి గవ్వ చేసి చూపించింది. లిగాయా చేసిన గవ్వ మొదట చెప్పులా వచ్చింది. నాలుగోది మాత్రం గవ్వే.

అప్పుడు నాకు తెలిసింది. ఫోర్కులతో తినే దేశంలో కూడా ఫోర్కుకు పిండి నొక్కే పని ఉంది. పెట్టె మీది బొమ్మ ఆ సంగతి చెప్పలేదు. నేను కోరుకున్నట్టు ఒక్కసారి నోట్లోకి వెళ్లి ఉంటే ఎంగిలయ్యేదాన్ని. అప్పుడు అప్పన్న పళ్లేనికీ, ఆ రోజు వరహాలమ్మ విస్తరికీ పనికొచ్చేదాన్ని కాదు. దేవుడు కొన్ని కోరికలు తీర్చకపోవడం వెనక లెక్క ఇదేనేమో. లేక నా సంతోషం కొద్దీ నేనే అలా అనుకుంటున్నానో.

ఇప్పుడు నేను ఆ హోటలు వంటింట్లో, పటాల కింద మేకుకు వేలాడుతున్నాను. ఒక పక్క అప్పన్న, ఒక పక్క మేరీమాత. శుక్రవారాలు వరహాలమ్మ వచ్చి గవ్వలు వత్తుతుంది, లిగాయా ఎంపనాడాలు మూస్తుంది. ఆరు బల్లలూ నిండుతాయి. నా గీతలు ఊరందరి నోళ్లలోకీ వెళుతున్నాయి.

మొన్న కొత్తగా వచ్చిన ఒకాయన అరిటాకు చూసి బెరుగ్గా అడిగాడు. "ఫోర్కు లేదాండీ?"

వంటింట్లోంచి వరహాలమ్మ తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"ఉంది బాబూ. పనిలో ఉంది."