హస్తవాసి

పిల్లలు లేని దంపతులు వచ్చే ఆసుపత్రి అది. వాళ్ల పిండాలను గాజు గిన్నెల్లో పెంచే గదిలోకి డాక్టర్లయినా అడిగే రావాలి. సెంటు పూసుకున్నవాళ్లకు అసలు ప్రవేశం లేదు. ఆ గది బాధ్యతంతా ఒక్క మనిషిది. ఆవిడను అందరూ ల్యాబ్ మేడమ్ అనేవారు.

ల్యాబ్ మేడమ్‌కు దేవుడి మీద నమ్మకం లేదు. లేదని వాదించే ఓపికా లేదు. సాయంత్రాలు అత్తగారు ప్రార్థన చేసుకుంటుంటే పక్కనే కూర్చుని ఉతికిన బట్టలు మడతపెట్టేది. విని విని ఆ ప్రార్థనలోని నాలుగు వాక్యాలూ కంఠతా వచ్చేశాయి కానీ, నోటితో ఎన్నడూ అనలేదు. "మా కోడలికి భూతద్దంలో కనబడితేనే దేవుడు" అని అత్తగారు నవ్వేది.

కొన్నాళ్లకు ల్యాబ్ మేడమ్ ఆడపడుచే ఆ ఆసుపత్రిలో చేరింది. రెండుసార్లు ప్రయత్నించారు, గర్భం నిలవలేదు. ఇక మిగిలింది గడ్డకట్టించి దాచిన ఒకే ఒక్క పిండం. దాన్ని గర్భంలో పెట్టే ముందురోజు ఆడపడుచు వరండాలో వదిన చెయ్యి పట్టుకుంది.

"వదినా, ఒకటి అడుగుతాను, నవ్వకూడదు."

"అడుగు."

"ఆ గదిలోకి నేను రాలేను, అమ్మా రాలేదు. దాని దగ్గర ఉండేది నువ్వొక్కదానివే. అమ్మ చేసే ప్రార్థన ఒక్కసారి దాని దగ్గర చెప్పవూ?"

"నాకు నమ్మకమే లేదు కదే!"

"నమ్మమనట్లేదు, చెప్పమంటున్నా."

ల్యాబ్ మేడమ్ చెయ్యి విడిపించుకుని గదిలోకి వెళ్లిపోయింది.

మర్నాడు గడ్డకట్టిన పిండాన్ని మామూలు వేడికి తెచ్చింది. మైక్రోస్కోపులో చూసింది. గిన్నెను వేడీ గ్యాసూ సమంగా ఉంచే ఇంక్యుబేటరు పెట్టెలో పెట్టి తలుపు మూసింది. దొంగలా అటూ ఇటూ చూసి, మాస్కు లోపల్లోపలే ఆ నాలుగు వాక్యాలూ గొణిగింది. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. అయిపోయాక ఇంక్యుబేటరు మీది ఉష్ణోగ్రత అంకె వంక చూసింది. అది మారుతుందని చూసిందా? ఏమో. చూసినందుకు మాత్రం సిగ్గేసింది.

గర్భం నిలిచింది. ఆడపడుచు కాలు నేల మీద ఆనలేదు. వెయిటింగ్ హాల్లో కనబడిన ప్రతి ఒక్కరికీ "మా వదిన హస్తవాసి అలాంటిది, ప్రార్థన చేసి మరీ పెట్టింది" అని చెప్పింది. ఆ మాట ఆ నోటా ఈ నోటా పాకి పెద్ద డాక్టరమ్మ చెవిన పడింది.

"ఏమిటమ్మా, మంత్రాలు మొదలెట్టావట?"

"ఆడపడుచు అడిగింది మేడమ్, కాదనలేకపోయాను."

"దానివల్లే నిలిచిందంటావా?"

"అబ్బే, లేదు."

"మరి దేనివల్ల?"

"పిండం మంచిది మేడమ్. గర్భసంచి పొర బాగుంది..." అంటూనే ఆగిపోయింది. "కిందటిసారీ అన్నీ బాగానే ఉన్నాయి."

పెద్ద డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "నాకూ తెలీదు. కొన్ని నిలుస్తాయి, కొన్ని నిలవవు. నువ్వు మాత్రం ఈ సంగతి బయట అనకు. రేపు జనం మందులు మానేసి నీ గుమ్మం ముందు కూర్చుంటారు."

కానీ అప్పటికే, అక్కడే వైద్యం చేయించుకుంటున్న బట్టలు కుట్టే ఒకావిడ చెవిన పడనే పడింది. ఆవిడ ఎదురుచూసి మరీ పట్టుకుంది. "మేడమ్, నా పిండం దగ్గర కూడా ఆ నాలుగు ముక్కలు చెప్పండి. మీ వాళ్లకైతే చెప్పారు కదా." సొంతవాళ్లకొక న్యాయం, పైవాళ్లకొక న్యాయమా అని ఆ మాట గుచ్చుకుంది. ల్యాబ్ మేడమ్ సరేనంది.

ఆ రోజు రెండో వాక్యంలో ఉండగా ఇంక్యుబేటరు గ్యాసు అలారం మోగింది. పరుగెత్తి సిలిండరు మార్చింది. అంకెలు కుదుటపడేదాకా కదల్లేదు. పిండానికేమీ కాలేదు. ఈలోగా పిండాన్ని తెమ్మని ఆపరేషన్ గది నుంచి పిలుపొచ్చింది. మిగిలిన ప్రార్థన మిగిలిపోయింది.

ఈసారి నిలవలేదు.

బట్టలు కుట్టే ఆవిడ ఏడవలేదు. బెంచీ మీద చున్నీ అంచు మడుస్తూ, విప్పుతూ కూర్చుంది. "పూర్తిగా చెప్పారా మేడమ్?" అని అడిగింది.

అవునంటే సరిపోయేది. ల్యాబ్ మేడమ్ అనలేకపోయింది. "సగంలో ఆపేశాను. అలారం మోగింది."

"అలారం మోగితే ప్రార్థన చేస్తూ నిలబడతారా ఎవరైనా? మంచిపనే చేశారు." చున్నీ అంచు మరోసారి మడిచి, "అయినా ఆ మిగిలిన రెండూ చెప్పుంటే?" అంది.

"ఏమోనమ్మా."

"అలారం ఎవరు మోగించారంటారు?"

"గ్యాసు అయిపోయి మోగింది."

"అది తెలుసు మేడమ్," అని ఆవిడ అప్పుడు ఏడ్చింది.

ఆ సాయంత్రం ల్యాబ్ మేడమ్ బట్టలు మడవడం ఆపి అత్తగారిని అడిగింది. "అత్తయ్యా, మూడో వాక్యానికి అర్థమేంటి?"

అత్తగారు ఆలోచనలో పడింది. "ఏమోనే. మా అమ్మ చెప్పేది, నేను చెప్తున్నా. ఇన్నేళ్లలో అడిగినదానివి నువ్వొక్కదానివే." ఆ రాత్రి భోజనాల దగ్గర కూడా ముసలావిడ పెదవులు కదుపుతూ ఆ వాక్యంతోనే కుస్తీ పట్టింది. అనవసరంగా అడిగానా అని కోడలికి దిగులేసింది.

కొన్ని నెలల తర్వాత బట్టలు కుట్టే ఆవిడ ఇంకో ప్రయత్నానికి మళ్లీ వచ్చింది. ప్రార్థన చెప్పమంది. గుమ్మం దాకా వెళ్లి వద్దంది. ఆ తర్వాత "మీ ఇష్టం మేడమ్" అని వెళ్లిపోయింది.

ఆ వేళ ల్యాబ్ మేడమ్‌కు పని వత్తిడి. పేరు సరిచూడడం, వేడి చూడడం, గ్యాసు చూడడం, అన్నీ మాస్కు లోపల పైకే అనుకుంటూ చేసింది. వాటి మధ్య ఆ నాలుగు వాక్యాలు కూడా దొర్లాయో లేదో ఆవిడకే తెలియలేదు.

గర్భం నిలిచింది. బట్టలు కుట్టే ఆవిడ మిఠాయి పొట్లంతో వచ్చి, ఎవరూ లేకుండా చూసి, గొంతు తగ్గించి అడిగింది. "ఈసారి చెప్పారు కదూ?"

"నిజంగా గుర్తు లేదమ్మా."

"గుర్తు లేకపోవడమేంటి మేడమ్! చెప్పారంటే ఒకలా అనుకుంటా, చెప్పలేదంటే ఇంకోలా అనుకుంటా. ఇలా అంటే నేనేం అనుకోవాలి?"

"నాకూ అదే తెలియట్లేదు," అంది ల్యాబ్ మేడమ్.

ఇద్దరూ బెంచీ మీద కూర్చుని, పొట్లం విప్పి మిఠాయి తిన్నారు.