పాఠానికెక్కిన కోడలు

నేను ఒక నల్లబల్లను. సీతాపతి మాస్టారింటి హాల్లో, భోజనాల బల్లకు ఎదురుగోడ మీద ఉంటాను. ఆ రోజు గొడవంతా నన్ను తుడిచిన గుడ్డ గురించి. మాస్టారు చేతికందిన గుడ్డతో నన్ను తుడిచారు. అది కోడలు హైమవతి ఉతికి ఆరేసుకున్న మసిగుడ్డ.

"అది వంటింటిది మావయ్యగారూ. మీ గుడ్డ మేకుకే ఉంది," అంది హైమవతి.

"గుడ్డల్లో కూడా నీదీ నాదీ ఏమిటమ్మా?" అని మొదలుపెట్టి, మాస్టారు తన సర్వీసంతా ఏకరువు పెట్టారు. అసలే బొంగురుపోయిన గొంతు ఆ ఉపన్యాసంతో పూర్తిగా పోయింది. వారం రోజులు మాట్లాడొద్దన్నాడు డాక్టరు.

నా పుట్టుక గొప్పదేం కాదు. ఒక వడ్రంగి మామిడిచెక్కతో చేసి నల్లరంగు పూశాడు. మొదట రేపల్లెలో ఒక కాఫీ హోటలు గుమ్మంలో ఉండేదాన్ని. అక్కడ నాకు తెలిసిన కాలాలు రెండే: పెసరట్టు ఉంది, పెసరట్టు అయిపోయింది. ఆ రెంటితోనే ఊరంతా తృప్తిగా బతికేది. హోటలు మూతపడ్డాక, రిటైరై ఇంగ్లీషు ట్యూషను పెట్టిన మాస్టారు నన్ను ఇంటికి తెచ్చుకున్నారు. మనుషులకు ఇంగ్లీషు వ్యాకరణంలో కాలాలు పన్నెండని అప్పుడే తెలిసింది. ఉన్న ఒక్క రోజునే సరిగ్గా వాడుకోలేని వాళ్లకు అన్నెందుకో నాకిప్పటికీ బోధపడలేదు.

ఉదాహరణ కోసం దూరం వెళ్లే మనిషి కాదు మాస్టారు. "మై డాటరిన్‌లా మేక్స్ కాఫీ" అని రాసేవారు. ఆ కింద కాలానికొకటి చొప్పున గీసిన పన్నెండు గడుల్లో ఆ కోడలు కాఫీ కలుపుతూ ఉండేది, కలిపేసి ఉండేది, రేపీపాటికి కూడా కలుపుతూనే ఉండేది. పిల్లలు ఎక్కాల రాగంలో అప్పజెప్పేవారు. మధ్యలో ఆపితే మళ్లీ మొదటినుంచి అందుకోవాల్సిందే. వంటింట్లోంచి హైమవతి అంతా వింటూ ఉండేది. ఇంగ్లీషు సాహిత్యం చదివి డిగ్రీ తెచ్చుకున్న మనిషి. పన్నెండు కాలాల్లోనూ ఆమెకు కాఫీ తప్ప మరో పని దొరకలేదు. ట్యూషను తాను చెబుతానని ఒకటికి రెండుసార్లు అడిగింది. "చూద్దాంలేమ్మా" అన్నారాయన. ఆ మాటకు నా మీద ఏ గడిలోనూ చోటు లేదు.

గొంతు పోయాక క్లాసు కోడలికి అప్పగించడం తప్ప వేరే దారి లేకపోయింది. అయినా మాస్టారు ఒక చీటీ రాసిచ్చారు: అప్పజెప్పించు చాలు, పాఠం చెప్పొద్దు.

హైమవతి కాఫీని శుభ్రంగా తుడిచేసింది. "మై ఫాదరిన్‌లా హాజ్ బీన్ లుకింగ్ ఫర్ హిజ్ గ్లాసెస్ సిన్స్ మార్నింగ్" అని రాసింది. మామగారు పొద్దుటినుంచీ కళ్లజోడు వెతుకుతూనే ఉన్నారు, ఇంకా దొరకలేదు, అందుకే వాక్యానికి అంత తోక అని చెప్పింది. కళ్లజోడు దాని పెట్టెలో పెట్టి ఉంటే ఈపాటికి దొరికి ఉండేదన్న మాటను కూడా ఇంగ్లీషులో రాసింది. అది జరగని ముచ్చట అని వివరించింది. పిల్లలకు నవ్వాగలేదు. నవ్వుతో పాటు అర్థమూ అయింది. ఎప్పుడూ నోరు విప్పని మాధురి అనే పిల్ల లేచి, "మై బ్రదర్ హాజ్ బీన్ బేదింగ్ సిన్స్ సిక్స్" అంది. రాగం లేదు, అరువు లేదు, సొంత వాక్యం.

పక్కగదిలో మాస్టారి దగ్గు సగంలో ఆగిపోయింది. ఆ పూట కోడలు పిలిచినా టిఫినుకు రాలేదు. చీటీ కూడా రాయలేదు.

వారం గడిచింది. గొంతు తిరిగొచ్చింది. రాత్రి దోసకాయ పప్పు కలుపుకుంటూ హైమవతి భర్త కోదండం, "నాన్నగారికి మాటొచ్చేసిందిగా, ఇంక నీకు శ్రమ తప్పింది," అన్నాడు. ఓదార్పు అనుకున్నాడు పాపం. వడ్డిస్తూ నిలబడ్డ హైమవతి గరిటెను గిన్నెలో వదిలేసింది.

మాస్టారు నా వంక చూశారు. తరవాత కంచంలోకి చూసుకున్నారు.

"ఆ మాధురికి రెండేళ్లు చెప్పాన్రా. నా దగ్గర ఒక్క సొంత ముక్క రాలేదు," అన్నారు కొడుకుతో. ఆ తరవాత కోడలివైపు తిరిగారు. "నువ్వూ కంచం పెట్టుకుని కూర్చోమ్మా. రేపట్నుంచి క్లాసు నీదే. నా గొంతు ఎంత బాగున్నా సరే."