ఫ్రేయాకు ఓటీ దొరికిన సంగతి

మా టలోనీ బేలో పోస్టాఫీసు నడిపేది నేనే. ముప్పై ఒక్క ఏళ్లుగా ఎవరికి ఏ కవరు వస్తోందో, దాన్ని ఎవరు ఎలా అందుకుంటున్నారో చూస్తూనే ఉన్నాను. మెరిన్ పాస్కోకు ఆ రెండేళ్లూ వచ్చినవన్నీ పొడుగాటి తెల్ల కవర్లు. వాటిని కౌంటరు దగ్గర విప్పేది కాదు. కారులో కూర్చుని చింపేది. చదివి, మడిచి పక్కన పెట్టి, స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించి ఊరికే కూర్చునేది. నాకు గాజు తలుపులోంచి అంతా కనిపించేది. ఒక్కసారైనా వెళ్లి "ఏమిటమ్మా" అని అడగలేదు. ఎవరి సంగతి వాళ్లదనుకున్నాను.

మెరిన్‌ది అడిలైడ్. కర్టిస్‌ను పెళ్లి చేసుకుని ఇక్కడికి వచ్చింది. కర్టిస్ పడమట ఇనప గనుల్లో పని చేస్తాడు. మూడు వారాలు అక్కడ, ఒక వారం ఇక్కడ. గోధుమ గిడ్డంగులు దాటాక విసిరేసినట్టుండే ఆ చివరి ఇంట్లో మిగతా రోజులన్నీ మెరిన్, ఆమె కూతురు ఫ్రేయా, ఇద్దరే.

ఫ్రేయాకు అప్పుడు ఐదేళ్లు. మాటలు గలగలా వచ్చేవి, పాటలు వచ్చేవి, సముద్రం మీద ఎగిరే ప్రతి పక్షి పేరూ వచ్చేది. చేతులే మాట వినేవి కావు. పెన్సిలు జారిపోయేది. చెంచాలో ఉన్నది నోటి దాకా చేరేది కాదు. చొక్కా గుండీ పెట్టుకోబోయి ఏడ్చేది. సాక్సు వేళ్ల దగ్గరి కుట్టు తగిలితే ఒళ్లు కాలినట్టు అరిచేది. ఒకరోజు స్కూల్లో టీచరు మెరిన్‌ను పక్కకు పిలిచింది. "పాపకి ఓటీ కావాలి మెరిన్. వాళ్ల రిపోర్టుంటేనే మేం క్లాసులో సాయంగా ఒక మనిషిని పెట్టగలం" అంది. ఓటీ అంటే ఆక్యుపేషనల్ థెరపిస్టు. తినడం, కట్టుకోవడం, రాయడం లాంటి రోజువారీ పనులు చేతికీ ఒంటికీ పట్టుబడేలా నేర్పే మనిషి.

పిల్లల డాక్టరు పదకొండు పేర్లున్న కాగితం ఇచ్చింది. మెరిన్ పదకొండింటికీ ఫోన్ చేసింది.

"మేం కొత్త పిల్లల్ని తీసుకోవట్లేదండీ."

"పోనీ పేరు రాసుకోండి. ఖాళీ ఎప్పుడొస్తే అప్పుడే చెప్పండి."

"పేర్లు రాసుకోడం కూడా ఆపేశామండీ. మార్చిలో మళ్లీ చెయ్యండి, రాసుకుంటామో లేదో అప్పుడు చెప్తాం."

మార్చిలో మళ్లీ చేసింది. జులైలోనూ చేసింది. చోటు లేదన్న ఆ జవాబులే తెల్ల కవర్లలో కూడా వచ్చేవి. ఫోన్ ఎత్తే అమ్మాయిల గొంతులు గుర్తు పట్టే స్థితికి వచ్చింది. ఒకమ్మాయికి కాన్పయిందని కూడా తెలిసింది. ఆ రోజు మెరిన్ శుభాకాంక్షలు మాత్రం చెప్పి ఫోన్ పెట్టేసిందట.

చివరికి పోర్ట్ లింకన్‌లో ఒక చోటు దొరికింది. మంగళవారం పొద్దున తొమ్మిదింటికి. రెండున్నర గంటల దారి. మెరిన్ పిల్లను చీకటితోనే లేపి, దుప్పటితో సహా కారులో కూర్చోబెట్టేది. అక్కడి ఓటీ జానా అని చిన్న వయసు అమ్మాయి, నవ్వు మొహం. నేల మీద పాకించి, ఉయ్యాల్లో ఊపి, పిండి ముద్దలు పిసికించేది. ఫ్రేయాకు జానా అంటే ప్రాణమైపోయింది. ఎనిమిది మంగళవారాలు గడిచాయి. తొమ్మిదో వారం జానా ఉద్యోగం మానేసి పట్నం వెళ్లిపోయిందని ఫోన్ వచ్చింది. ఆమె స్థానంలో ఎవరూ రాలేదు.

ఆ మంగళవారం ఫ్రేయా తనంతట తనే లేచి, సంచీ భుజాన వేసుకుని కారు దగ్గర నిలబడింది. మెరిన్‌కు చెప్పడానికి నోరు రాలేదు. పిల్లను ఎక్కించుకుని గిడ్డంగుల దాకా వెళ్లింది. అక్కడ రోడ్డు పక్కన ఆపి, కారు వెనక్కి తిప్పింది.

"జానాకి నా మీద కోపం వచ్చిందా అమ్మా?" అని అడిగిందట ఫ్రేయా.

ఆ తర్వాత వీడియోలో చెప్పే ఓటీని కూడా ప్రయత్నించింది. ఫ్రేయా లాప్‌టాప్ మీద దిండు పెట్టి దాని మీద కూర్చుంది.

"ఇంకో చోట అడిగి చూడకపోయావా?" అనేవాడు కర్టిస్ ఫోన్‌లో.

"అన్ని చోట్లా అడిగాను."

"మళ్లీ అడుగు మరి. అయినా మనూళ్లో పిల్లలందరూ పెరగట్లేదా ఏంటి? అదే వస్తుందిలే."

అతనిది చెడ్డ మనసు కాదు. గనిలో పన్నెండు గంటలు లారీ తోలి వచ్చిన మనిషికి అంతకన్నా మాటలుండవు. ఫోన్ పెట్టేశాక ఆ ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదని మెరిన్ నాతో తర్వాత అంది.

ఫ్రేయాకు ఏడు నిండాక, ఒక చలికాలం మధ్యాహ్నం మెరిన్ పోస్టాఫీసుకు వచ్చి నోటీసు బోర్డు మీద ఒక కార్డు గుచ్చింది. ఒక పక్క అమ్మకానికి పడవ, ఇంకో పక్క తప్పిపోయిన కుక్క. మధ్యలో ఈమె కార్డు: "ఏడేళ్ల పాపకు ఓటీ కావాలి. ఎంత దూరమైనా వస్తాం."

"ఓటీ అంటే ఏంటమ్మాయ్?" అన్నాను.

ఊరికే అడిగాను. ఆమె నా వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టి ముప్పావు గంట సేపు చెప్పింది. వెనక వరసలో నలుగురు నిలబడ్డారు. ఒక్కరూ విసుక్కోలేదు. చెప్పడం అయ్యాక ముక్కు తుడుచుకుని, "సారీ నోలా, మీరడిగింది ఒక్క మాటే కదా" అంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. "హెటీ ఫోగెల్‌సాంగ్‌ని అడిగావా? జెట్టీ రోడ్డులో చివరిల్లు. ఆవిడ అడిలైడ్ ఆస్పత్రిలో ఇలాంటి పనే చేసేది. చేతులు బాగుచేసేది. మొగుడు పోయాక ఎవరితోనూ కలవడం మానేసింది."

మెరిన్ నా మొహంకేసి చూసింది. హెటీ ఇల్లు ఆమె ఇంటికి నాలుగు కిలోమీటర్లు.

వెంటనే వెళ్లింది. పిల్లను కారులో ఉంచి తలుపు కొట్టింది. హెటీ తలుపు సగమే తీసింది. అరవై ఆరేళ్ల మనిషి, పొడుగ్గా, ఎముకలు తేలి ఉంటుంది. విన్నదంతా విని, "లేదమ్మా" అంది.

"ఒక్కసారి చూడండి చాలు. ఏం చెయ్యాలో చెప్తే నేనే చేసుకుంటాను."

"మా ఆయనకి పక్షవాతం వచ్చాక నాలుగేళ్లు కూచోబెట్టి చెంచా పట్టడం నేర్పాను. రోజూ. నేర్చుకున్నాడు. సూపు తనంతట తను తాగిన నెలకి పోయాడు. ఇంక చెంచాలు నా వల్ల కాదు. ఈ పని చెయ్యడానికి ఉండాల్సిన రిజిస్ట్రేషన్ కూడా వదిలేశాను. నేనిప్పుడు ఓటీని కాదు, ఏమీ కాదు."

మెరిన్ బతిమాలలేదు. "మీకు శ్రమ ఇచ్చాను" అని వెనక్కి తిరిగింది. తిరిగేసరికి ఫ్రేయా కారు దిగి, సాక్సు లేకుండా, ఎడమ బూటు కుడి కాలికి వేసుకుని కంచె మీద నీటికాకిని చూస్తోంది. హెటీ ఆ కాళ్లకేసి చూసి తలుపు వేసేసింది.

ఆదివారం మధ్యాహ్నం హెటీ పాత కారు వచ్చి మెరిన్ ఇంటి ముందు ఆగింది. చేతిలో గోనె సంచీ, అందులో చెక్క బట్టల క్లిప్పులు.

"నేను థెరపీ చెయ్యడానికి రాలేదు. ఆ మాట ఎవరితోనూ అనకు. నాకా హక్కు లేదు. ఈ ఊరి ముసలిదాన్ని, టీ తాగి పోదామని వచ్చాను. ఏదీ, ఆ సాక్సు ఇలా తే."

సాక్సును లోపలి వైపు బయటికి తిరగేసి ఫ్రేయాకు ఇచ్చింది. కుట్టు బయటికి పోయింది. ఫ్రేయా వేసుకుని, కాలు అటూ ఇటూ ఆడించి ఊరుకుంది. మెరిన్ వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి మొహం కడుక్కుంది. రెండేళ్ల అరుపులకు ఇంత చిన్న మందు, ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత గుండీ. "నువ్వు మొత్తం పెట్టెయ్యకు. మొత్తం దాన్నే పెట్టుకోమనీ అనకు. ముప్పాతిక నువ్వు దూర్చు, చివరి లాగుడు దానికి వదిలెయ్. పని పూర్తి చేసింది తనే అవ్వాలి. పిల్లదైనా, డెబ్బై ఏళ్లవాడైనా అంతే."

ఫ్రేయా లాగింది. గుండీ బయటికి వచ్చింది. "నేనే పెట్టా!" అని ఇల్లంతా పరిగెత్తింది. హెటీ టీ తాగకుండానే వెళ్లిపోయింది.

ప్రతి ఆదివారం రావడం మొదలైంది. వస్తే గంట. క్లిప్పులతో బట్టలారేయించేది, రొట్టె పిండి పిసికించేది, రాయడానికి కూర్చునే ముందు ఒంటికి పట్టు దొరకాలని పిల్ల చేత ఇంట్లో కుర్చీలన్నీ తోయించేది. నాలుగో ఆదివారం అంది: "దీనికి కాగితం కూడా కావాలి, మెరిన్. స్కూలు వాళ్లకి నా సంతకం పనికిరాదు." అని ఆగి, "మళ్లీ చేయించుకోవాలి రిజిస్ట్రేషన్. ఈ వయసులో, ఎవరో పాతికేళ్ల పిల్ల నా పని చూసి మార్కులేస్తుంది" అని విసుక్కుంది.

ఎనిమిది నెలలు పట్టింది. తన కింద శిక్షణ పొందిన వాళ్ల చేతి కిందే మళ్లీ పని చేసింది. నెలలో పది రోజులు పోర్ట్ లింకన్‌లో ఉండేది. ఆమె లేని ఆదివారాలు మెరిన్ ఇంట్లో మళ్లీ ఖాళీ. మెరిన్, ఫ్రేయా క్లిప్పులు పెట్టుకుని, తీసుకుని రోజులు వెళ్లదీశారు.

మరుసటేడు కౌన్సిల్ హాలు వెనక గదిలో హెటీ మంగళ, గురువారాలు కూర్చోవడం మొదలుపెట్టింది. మొదటి గురువారం మెరిన్ పావుగంట ముందే వెళ్లింది. వరండాలో బెంచీల మీద అప్పటికే ఆరు కుటుంబాలు. అందరూ తెలిసినవాళ్లే. మాంసం కొట్టు స్టెఫ్ ఉంది. మూడేళ్లుగా స్కూలు గేటు దగ్గర మెరిన్ పక్కనే నిలబడి వాన గురించి మాట్లాడిన మనిషి.

"నువ్వా?" అంది స్టెఫ్.

"నువ్వు కూడానా?" అంది మెరిన్.

మూడేళ్లు ఒకరి పక్కన ఒకరు నిలబడి దాచుకున్నది ఒక్క పొద్దున్న చెప్పుకోవడం ఎలాగో ఇద్దరికీ తెలియలేదు.

పిల్లలు ఎక్కువయ్యారు. ఫ్రేయా వంతు రెండు వారాలకొకసారి అయింది. చెప్పేటప్పుడు హెటీ మెరిన్ కళ్లలోకి చూడలేదు. ఆదివారాలు రావడం కూడా మానుకుంది. ఒకరికి వెళ్లి ఒకరికి వెళ్లకపోతే ధర్మం కాదంది. మెరిన్ "అవును, అదే న్యాయం" అంది. వెతికి వెతికి సంపాదించుకున్న మనిషిని ఊరికి ఇచ్చేసి ఇంటికి వచ్చింది.

రిపోర్టు వచ్చింది. క్లాసులో సాయానికి మనిషిని పెట్టారు. ఫ్రేయా రాత కోడి కెలికినట్టే ఉంది గాని, గీత దాటడం తగ్గింది.

మొన్న కర్టిస్ సెలవుకు వచ్చినప్పుడు, ఒక పొద్దున ఫ్రేయా తన గదిలోంచి పూర్తిగా తయారై వచ్చింది. చొక్కా, సాక్సు, బూట్లు, అన్నీ. ఎవరూ ముట్టుకోలేదు. కర్టిస్ టోస్టు నములుతూ, "టైమవుతోంది తల్లీ, ఎక్కు కారెక్కు" అన్నాడు. పొద్దుటి ఏడుపులు ఎన్నడూ చూడని మనిషికి బట్టలు వేసుకున్న పిల్ల బట్టలు వేసుకున్న పిల్లే. కారు వెళ్లిపోయింది. మెరిన్ వెన్న కత్తి చేత్తో పట్టుకుని వంటింట్లో నిలబడిపోయింది.

అది గురువారం, ఫ్రేయా వంతు కాదు. అయినా మెరిన్ కౌన్సిల్ హాలుకు వెళ్లింది. హెటీ తలుపు వేసి ఉంది. బెంచీ మీద స్టెఫ్ ఒక్కతే కూర్చుని ఉంది.

"ఇవాళ ఫ్రేయా తనే తయారైంది" అంది మెరిన్, ఇంకా కూర్చోకుండానే.

స్టెఫ్ తలెత్తింది. "గుండీలు అన్నీనా?"

"మెడ దగ్గరది తప్ప."

స్టెఫ్ కూతురికి ఇంకా చెంచా పట్టడమే రాదు. ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది. మెరిన్ కూర్చుంది. లోపల్నుంచి హెటీ గొంతు వినిపిస్తోంది, ఆ పిల్లకే ఏదో చెబుతూ. ఇద్దరూ వింటూ ఉండిపోయారు.